నలభై ఒకటో పేజీ పేరు మార్చిన వారం

తిరుపతిలో మా ఇంటి ముందుగదే నా ఆఫీసు. ఒక బల్ల, ఒక కంప్యూటరు, వీధి వైపు కిటికీ. లాడ్జీలకు, పళ్ల డాక్టర్లకు, కల్యాణ మండపాలకు వెబ్‌సైట్లు చేసిపెట్టడం నా పని. వాటితో పాటు నాకంటూ సొంత సైటు ఒకటి నడుపుతున్నాను. తిరుపతి నుంచి చుట్టుపక్కల ఊళ్లకు ఏ బస్సు ఎప్పుడు ఉంది, ఏ రైలు ఎక్కడ ఆగుతుంది, చంద్రగిరి కోటకు ఎట్లా వెళ్లాలి, అలాంటి వివరాలు. అరవై పేజీలకు పైనే. నాకు పని ఇచ్చేవాళ్లలో సగం మంది ఆ సైటు చూసి వచ్చినవాళ్లే. బస్సు కోసం వెతికితే మొదట మీదే కనిపించింది, మా లాడ్జీ కూడా అట్లా పైకి రావాలి అని అడిగేవాళ్లు.

ఆ ఏడాది నా సైటు కిందికి జారడం మొదలైంది. పొద్దున లేవగానే, ముఖం కూడా కడక్కుండా, ఫోనులో "తిరుపతి చంద్రగిరి బస్సు" అని కొట్టి చూసుకునేదాన్ని. మొదటి స్థానం నాలుగైంది, నాలుగు తొమ్మిదైంది. ఒకరోజు మొదటి పేజీలోనే లేను. ఎవరో పెద్దపెద్ద కంపెనీలు, తిరుపతి బస్టాండు ముఖం చూడనివాళ్లు, నా పైన కూర్చున్నారు. రెండు లాడ్జీల వాళ్లు నాకు ఫోన్ చేయడం మానేశారు. కారణం వేరే ఏమైనా కావచ్చు. నాకు మాత్రం ఇదే అనిపించేది. అన్నం తింటూ కూడా చూసుకునేదాన్ని.

అలాంటి రోజుల్లోనే ఒక మంగళవారం నగరి అమ్మాయి ఒకామె ఫోన్ చేసింది. అమ్మాయి అంటున్నాను గాని ముప్పై దాటి ఉంటాయి. మరమగ్గాల మీద లుంగీలు నేసే కుటుంబం వాళ్లది. అంతకు ముందురోజు వాళ్ల నాన్నకు కళ్లు చూపించడానికి తిరుపతికి తీసుకొచ్చింది. ఆయనకు రెండేళ్లుగా మతిమరుపు. ఆస్పత్రిలో ఆయన్ను బెంచీ మీద కూర్చోబెట్టి, చీటీ కోసం కౌంటరు దగ్గరికి వెళ్లి వచ్చేసరికి బెంచీ ఖాళీ. నాన్న ఏ బస్సు ఎక్కి ఉంటాడో అని ఫోనులో బస్సులు వెతుకుతూ నా సైటు చూసింది. అడుగున ఉన్న నంబరుకు చేసింది. బస్టాండు ఆఫీసు నంబరు అనుకుందట.

నేను ఆఫీసు కాదని చెప్పి ఫోన్ పెట్టేయవచ్చు. ఆమె గొంతు విన్నాక పెట్టలేకపోయాను. ఇంటికి రమ్మన్నాను. నాన్న కోసం ఇంకా తిరుపతిలోనే తిరుగుతోంది, గంటలో వచ్చింది. ఆయన ఫొటో ఒకటి, ఆధార్ కార్డు జిరాక్సు ఒకటి చేతిలో ఉన్నాయి. మంచినీళ్లిస్తే గ్లాసు పట్టుకునే కూర్చుంది, తాగలేదు. గుర్తులేమైనా ఉన్నాయా అని అడిగాను. మరమగ్గంలో పడి ఎడమచేతి చూపుడువేలు కొస పోయిందని చెప్పింది. ఒంటి మీద ఆయన నేసిందే, పచ్చగళ్ల లుంగీ. షుగరు ఉంది. అడిగితే పేరు చెబుతాడు, ఊరు చెప్పలేడు.

ఆ పూటే నా సైటులో ఆయన కోసం ఒక పేజీ చేశాను. ఫొటో, గుర్తులు, కబురు పంపడానికి చిన్న ఫారం. అప్పట్లో నా పేజీలకు పేర్లు లేవు, వరస నంబర్లే. ఆయనది నలభై ఒకటి. వెబ్ చిరునామాలో కనబడే ఫైలు పేరు కూడా అంతే, పేజీ నలభై ఒకటి.

మొదట వేసిన పోస్టర్ల మీద ఆమె ఫోన్ నంబరే ఉంది. రెండు రోజులు ఆ ఫోను మోగుతూనే ఉంది. ఎక్కువ భాగం ఆకతాయిలే. శ్రీకాళహస్తిలో మా ఇంటి అరుగు మీదే ఉన్నాడు రమ్మని ఎవరో చెబితే ఆమె, భర్త ఇద్దరూ పరుగెత్తుకెళ్లారు. ఆ వీధే లేదు. మూడోరోజు ఫోను మోగినా ఆమె ఎత్తడం మానేసింది. అప్పుడు నేనే ఒక సలహా ఇచ్చాను. నంబరు తీసేద్దాం, క్యూఆర్ కోడ్ వేద్దాం, స్కాన్ చేస్తే పేజీ తెరుచుకుంటుంది, వేలు గుర్తు పేజీలోంచి తీసేసి, అది సరిగ్గా చెప్పినవాళ్లతోనే మనం మాట్లాడదాం అన్నాను. దగ్గరలోని పోలీసు స్టేషనులో చెప్పినా చాలని కింద ఒక వాక్యం రాశాం. ఒక్కో ఊరి పోస్టరుకు ఒక్కో కోడ్ చేశాను. తెరుచుకునే పేజీ అదే, చిరునామా చివర మాత్రం ఊరి పేరు తోకలాగా తగిలించాను. కరపత్రాలు ఏ ఊళ్లో పనిచేశాయో తెలుసుకోవడానికి లాడ్జీలకు నేను చేసే పని అది. చేయి అలవాటు కొద్దీ చేసింది.

శుక్రవారం ఆ పోస్టర్లు రేణిగుంట, గూడూరు, నాయుడుపేట, సూళ్లూరుపేట స్టేషన్ల దగ్గర అంటించారు. నగరి బండి అనుకుని రేణిగుంటలో గూడూరు వైపు పోయే బండి ఎక్కి ఉంటాడని వాళ్ల అనుమానం.

ఇక నా సంగతి. ఆ తర్వాతి బుధవారం పొద్దున సైటు ఇంకా కిందికి పోయింది. ఆ మధ్య వెబ్‌సైట్ల గురించి ఒక ఆన్‌లైన్ పాఠంలో విన్న మాట నన్ను కుదురుగా ఉండనివ్వడం లేదు. జనం వెతికేటప్పుడు ఏ మాటలు కొడతారో అవే మాటలు పేజీ ఫైలు పేరులో కూడా ఉంటే సెర్చ్‌లో ఆ పేజీ పైకి రావడానికి సాయపడుతుందట. మాటకూ మాటకూ మధ్య కింద గీత కాదు, అడ్డగీత పెట్టాలట. కింద గీత పెడితే మాటలన్నీ అంటుకుపోయి ఒకే మాటగా లెక్కకొస్తాయట. నా పేజీల పేర్లు చూస్తే ఒకటి, రెండు, మూడు. ఖైదీల నంబర్లలాగా. ఎవరు వెతుకుతారు "పేజీ పదిహేడు" అని?

ఆ రోజు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కూర్చుని అన్నిటికీ పేర్లు మార్చాను. తిరుపతి-చంద్రగిరి-బస్సు-వేళలు. తిరుపతి-సూళ్లూరుపేట-రైలు. నలభై ఒకటో పేజీ దగ్గరికి వచ్చినప్పుడు కాసేపు ఆలోచించి మరీ పెట్టాను: నగరి-నేతకారుడు-తప్పిపోయిన-పెద్దాయన. మంచి పేరు పెట్టానని కూడా అనుకున్నాను. ఎవరైనా వెతికితే ఇట్టే దొరుకుతాడని.

పాఠం చివర ఇంకొక మాట కూడా ఉంది. పేర్లు మార్చినప్పుడు పాత పేరుతో వచ్చినవాళ్లు కొత్త పేరుకు చేరేట్టు దారి మళ్లించాలి. అది నాకు తెలుసు. తెలియదని చెప్పుకుంటే అబద్ధం. అరవై పేజీలకూ ఒక్కొక్కటిగా దారి రాయాలంటే విసుగొచ్చింది. చిన్న సైటు, పాత పేర్లు ఎవరు దాచుకుంటారు, ఆదివారం చూద్దాం అనుకున్నాను. సైటు లోపలి లింకులన్నీ మార్చేశాను కాబట్టి నేను నొక్కి చూస్తే అన్నీ బాగానే తెరుచుకున్నాయి. గోడల మీద అంటించిన కాగితాల కోడ్‌లో ఉన్నది పాత పేరేనన్న సంగతి ఆ సాయంత్రం నాకు గుర్తే రాలేదు.

ఆదివారం చుట్టాలొచ్చారు. దారి రాయలేదు.

సోమవారం చంద్రగిరి పేజీ రెండు మెట్లు ఎక్కింది. నేను సంతోషంగా కాఫీ పెట్టుకున్నాను. మంగళవారం పొద్దున ఏడు గంటలప్పుడు మా వీధి చివర ఉండే ఆటో ఆయన కిటికీలోంచి పిలిచాడు. "ఏమ్మా, మీ బస్సుల పేజీ తీసేసినారా? నేను ఫోన్లో దాచి పెట్టుకునుండేది. మూడు దినాలుగా రాలా" అన్నాడు.

సరిచేస్తానని చెప్పి, లేని పేజీల కోసం వచ్చి వెనక్కిపోయినవాళ్ల జాబితా తెరిచాను. ప్రతి సైటుకూ అలాంటిది ఒకటి వెనకాల తయారవుతూ ఉంటుంది, మనం చూస్తేనే కనబడుతుంది. పేజీ రెండు, పేజీ ఐదు, పేజీ పన్నెండు. కిందికి వస్తూ ఉంటే పేజీ నలభై ఒకటి. దాని తోక సూళ్లూరుపేట. గురువారం ఉదయం ఎనిమిదింబావు. దాని కింద మళ్లీ అదే. మళ్లీ అదే. పదకొండు నిమిషాల్లో ఒకే ఫోను నుంచి ఏడుసార్లు. తర్వాత ఏమీ లేదు.

ఊరికే చూసిపోయేవాళ్లు ఒకసారి చూసి పోతారు. ఏడుసార్లు ప్రయత్నించిన మనిషి ఎదురుగా ఎవరినో పెట్టుకుని ప్రయత్నించి ఉండాలి. గురువారం, శుక్రవారం, శనివారం, ఆదివారం, సోమవారం. వేళ్ల మీద లెక్కపెట్టుకుని, మళ్లీ లెక్కపెట్టుకున్నాను. ముందు నలభై ఒకటో పేజీకి దారి రాశాను. రెండు నిమిషాల పని అది. రెండే నిమిషాలు.

నగరి అమ్మాయికి ఫోన్ చేయడానికి అరగంట పట్టింది. నంబరు తీసి, పెట్టేసి, మళ్లీ తీశాను. చివరికి చేసి, సూళ్లూరుపేటలో ఎవరో పోస్టరు స్కాన్ చేశారు, వెళ్లి చూస్తే మంచిది అన్నాను. ఎప్పుడు చేశారని అడిగింది. గురువారం అన్నాను. మరి కబురు పంపలేదెందుకు అంది. నిజం నోటి దాకా వచ్చింది. వెళ్లి కనుక్కుందాం అని మాత్రం అన్నాను.

భర్త మగ్గాల దగ్గర ఉండిపోయాడు, ఆమె ఒక్కతే తిరుపతికి వచ్చింది. ఇద్దరం రైలెక్కాం. దారి పొడుగునా ఆమె కిటికీలోంచి ప్రతి ప్లాట్‌ఫారం మీదా కూర్చున్న ముసలాళ్లను చూస్తూనే ఉంది. రేణిగుంటలో చెబుదామనుకున్నాను. గూడూరులో బండి మారేటప్పుడు అనుకున్నాను. నాయుడుపేటలో ఆమె తెచ్చిన పులిహోర నాకు సగం పెట్టింది. అది తింటూ ఎలా చెప్పను? బండి శబ్దం ఆగితే చెబుతాను, ఆగినప్పుడు జనం తగ్గితే చెబుతాను. అట్లా సూళ్లూరుపేట వచ్చేసింది.

స్టేషను బయట మా పోస్టరు ఒక మూల చిరిగి వేలాడుతోంది. దాని ఎదురుగా ఒక టీ బండి. నడుపుతున్నావిడకు యాభై ఏళ్లుంటాయి. ఫొటో చూపించగానే గరిటె కింద పెట్టేసింది.

"ఈయనే. మూడు దినాలు ఈ బల్ల మీదే కూర్చోనుండాడు. వచ్చినోళ్ల లుంగీలు అంచు పట్టుకోని సూసేవాడు, తిట్టినా వదిలేవాడు కాదు. నేనే టీ, బన్ను ఇచ్చినా."

పోస్టరు మీద బొమ్మ, ఎదురుగా మనిషి ఒకటేలా ఉన్నారని గురువారం ఆమెకు అనుమానం వచ్చింది. కోడు స్కాన్ చేస్తే తన డబ్బులెవరికైనా పోతాయేమోనని మొదట భయపడింది. అయినా చేసింది.

"ఏడు తూర్లో ఎనిమిది తూర్లో సూసినా తల్లీ. పేజీ లేదు, లేదు అనే వచ్చింది. వాళ్లోళ్లు దొరికేసినారేమో, అందుకే తీసేసినారేమో అనుకున్నా. అట్లయితే ఈయన వేరే మనిషి గదా. పోలీసోళ్ల కాడికి పోదామంటే బండి ఇడిసిపెట్టి యాడ పోయేది? మర్నాడు పొద్దున నీ ఇల్లు యాడ అయ్యా అంటే, మగ్గం కాడికి పోవాల అన్నాడు. లేసి శ్రీహరికోట రోడ్డు పట్టుకోని పోయినాడు. నేను పిలస్తానే ఉండా. నాదే తప్పు తల్లీ, గెట్టిగా పట్టుకోనుండాల్సింది."

ఆవిడ కళ్లొత్తుకుంటోంది. నగరి అమ్మాయి ఆవిడ చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి పట్టుకోవడం చూసి నేను ఇంక ఆగలేకపోయాను.

"తప్పు ఆమెది కాదు, నాది" అన్నాను. పేజీల పేర్లు మార్చానని, పాత పేరుకు దారి పెట్టలేదని, బుధవారం నుంచి ఈ పొద్దుటి దాకా పోస్టరు స్కాన్ చేసినవాళ్లకు ఏమీ కనబడలేదని చెప్పాను.

ఆమెకు వెంటనే అర్థం కాలేదు. "పేర్లు ఎందుకు మార్చినావక్కా?" అని అడిగింది.

"వెతికితే నా సైటు పైకి రావాలని" అన్నాను. ఆ వీధిలో, ఆ టీ బండి ముందు, ఆ మాట ఎంత చిన్నగా వినిపించిందో.

ఆమె నన్ను చూసింది. చాలాసేపు చూసినట్టు నాకు గుర్తు, అంతసేపు కాకపోవచ్చు. తర్వాత టీ బండి ఆవిడ వైపు తిరిగి, ఆ రోడ్డు ఏయే ఊళ్ల మీదుగా పోతుందని అడిగింది. ఆటో మాట్లాడుకున్నాం. ఆమె ముందు సీటులో డ్రైవరు పక్కన కూర్చుంది. వెనక నేను ఒక్కదాన్నే.

సూళ్లూరుపేట దాటితే అటు సరస్సు, ఇటు ఉప్పునేల. ఎండ కళ్లలో గుచ్చుకుంటోంది. కొట్టు కనబడిన ప్రతిచోటా ఆగి ఫొటో చూపించాం. ఒకచోట శనివారం చూశామన్నారు. ఇంకొకచోట చూడలేదన్నారు. నీళ్లలో ఏ బట్ట తేలినట్టు కనిపించినా నా ప్రాణం పోయేది. ఆమె వీపు మాత్రం నాకు కనబడుతోంది, ముఖం కనబడడం లేదు. ఏదైనా జరగకూడనిది జరిగి ఉంటే ఈ మనిషికి నేను ఏం చెప్పగలనన్న ఆలోచన తప్ప ఇంకేమీ లేదు నాలో.

పొద్దు వాలుతుండగా చేపలు ఎండబెట్టే ఒక చోట, తాటాకు పందిరి కింద ఆయన కనబడ్డాడు. మొదట పచ్చగళ్ల లుంగీ, తర్వాత మనిషి. ఆటో ఆగక ముందే ఆమె దూకేసింది. ఆయన కూతురిని గుర్తుపట్టాడు. "ఇంతసేపా?" అన్నాడంతే. ఆయన్ను ఆ నాలుగు రోజులూ సాకింది చేపలవాళ్ల కుటుంబం. అన్నం పెట్టారు, చాప వేశారు. ఎవరని అడిగితే పేరు తప్ప ఏమీ చెప్పడం లేదట. రేపు స్టేషనుకు తీసుకుపోదాం, రేపు తీసుకుపోదాం అని అనుకుంటూనే ఉన్నారట. ఆ రేపుల సంగతి నాకు చెప్పనక్కర్లేదు.

కుడికాలికి గుడ్డ చుట్టి ఉంది. విప్పితే వాసన కొట్టింది. చెప్పుల్లేకుండా నడిచి ఏదో గుచ్చుకుంది. షుగరు మనిషి.

తిరుపతిలో ఆస్పత్రిలో చేర్చాం. చిటికెనవేలు, దాని పక్కవేలు తీసేశారు. డాక్టరును నేనే వెళ్లి అడిగాను, నాలుగైదు రోజుల ముందు తెచ్చి ఉంటే ఎలా ఉండేదని. నేనెవరో ఆయనకు తెలియదు. వేళ్లు మిగిలేవేమో, చెప్పలేం అన్నాడు. ఆ "ఏమో" నాకు బాగా పనికొస్తుంది. ఒకరోజు దాన్ని పట్టుకుని నిద్రపోతాను, ఇంకొకరోజు అదే నన్ను నిద్రపోనివ్వదు.

ఆపరేషను అయిన మర్నాడు మధ్యాహ్నం వరండాలో ఇద్దరమే ఉన్నాం. ఆటో ఎక్కినప్పటి నుంచి ఆమె నాతో అవసరానికి మించి మాట్లాడలేదు. నేను క్షమించమని అడగడానికి మాటలు వెతుక్కుంటుంటే తనే మొదలుపెట్టింది.

"ఆ పొద్దు నేను చీటీ కోసం అట్లా తిరిగినానక్కా. రెండు నిమిషాలు. నువ్వు ఆరు దినాలు. లెక్కేస్తే నీదే పెద్ద తప్పు. కోపం లేదని చెప్పను. ఉండాది. కానీ నువ్వు ఊరి పేరు తోక పెట్టకుండా ఉంటే మేము ఏ పక్క పోయి ఎతికేవాళ్లం? అదీ నాకు తెలుసు. రెండూ కలిపి ఏమనుకోవాలో నాకే తెలీడం లేదు."

లోపలి నుంచి ఆయన పిలిస్తే ఆమె లేచి వెళ్లిపోయింది.

పెద్దాయన నగరికి వెళ్లిపోయాడు. కర్ర పట్టుకుని మగ్గాల మధ్య తిరుగుతున్నాడని విన్నాను. పేజీ నలభై ఒకటిని నేను తీసేయలేదు. ఫొటో తీసేసి, ఈయన దొరికాడు, వెతికిన అందరికీ దండాలు అని మాత్రం ఉంచాను. ఇప్పటికీ అప్పుడప్పుడు ఎవరో ఒకరు ఏదో ఒక స్టేషను గోడ మీద మిగిలిపోయిన కాగితాన్ని స్కాన్ చేస్తూనే ఉంటారు. నేను పొద్దున లేచి చూసేది ఇప్పుడు నా సైటు ఎన్నో స్థానంలో ఉందని కాదు. లేని పేజీల జాబితా చూస్తాను. అది ఖాళీగా ఉంటే ముఖం కడుక్కుంటాను. దీనివల్ల ధైర్యం వచ్చిందని చెప్పలేను. భయం చోటు మారింది, అంతే.

ఎనిమిది నెలల తర్వాత ఆమె ఫోన్ చేసింది. వాళ్ల లుంగీలకు సైటు కావాలంది. తిరుపతిలో నాకంటే బాగా చేసేవాళ్లున్నారు, పేర్లు చెబుతాను అన్నాను.

"నువ్వే చెయ్యక్కా" అంది. "వాళ్లకు చెప్పినా అర్థం కాదు. నీకు చెప్పే పని లేదు."

ఒప్పుకున్నాను. ఫైళ్లకు పేర్లు పెట్టడానికే రెండు రోజులు పట్టింది. నగరి-గళ్ల-లుంగీలు అని రాసి, ఇక ఎప్పటికీ మార్చకుండా ఉండగలనా అని ఒకటికి పదిసార్లు ఆలోచించుకున్నాను. సంచుల మీద వేసే కోడు ప్రింటుకు ఇచ్చే ముందు నా ఫోనులో చూశాను, మా ఆయన ఫోనులో చూశాను, ఆటో ఆయన్ను పిలిచి ఆయన ఫోనులోనూ చూడమన్నాను. తెరుచుకుంది. ఇంకొకసారి చూడమన్నాను. ఆయన నా వైపు వింతగా చూసి, మళ్లీ స్కాన్ చేశాడు.